ట్రైసిటీలో అన్నిటికంటే చడావు ఉన్న గల్లీ ఏది? కొలిచి తేల్చేదెట్లా?

సైకిల్_హన్మకొండ (ప్రశ్న)

హన్మకొండ, వరంగల్, కాజీపేట మూడు కలిపి అన్నిటికంటే నిటారుగా ఎక్కే గల్లీ ఏదో తేల్చాలె. సైకిల్ గ్రూపుకు చడావుల లిస్టు తయారవుతున్నది, అందుల ఒకటో నంబర్ ఏ గల్లీకియ్యాలె అన్నకాడ లొల్లి. ఒక్క గల్లీకే మూడు లెక్కలు వస్తున్నయి. గూగుల్ ఎర్త్‌ల గీత గీస్తే 41 శాతం, రైడ్ రికార్డు చేసే యాప్‌ల 22 శాతం, రోడ్డు మీద ఫోన్ పెడితే 8 డిగ్రీలు. ఏది నమ్మాలె?

మా షరతులు: పబ్లిక్ రోడ్డు కావాలె, బండి పోవాలె, మెట్లదారి లెక్కకు రాదు. టోటల్ స్టేషన్ (సర్వేయర్ల కొలత మిషన్), డ్రోన్ లాంటివి మా దగ్గర లేవు. మేస్త్రీల సామాను అయితే దొరుకుతది. ఏడ ఎతకాలె, దేనితోని కొలవాలె, తెలిసినోళ్లు జర చెప్పుర్రి.

పటాలపిచ్చి

మూడూ మూడు వేరే వస్తువులను కొలుస్తున్నాయి, అందుకే కలవడం లేదు.

ముందు డిగ్రీలు, శాతం గొడవ తీర్చుకుందాం. అడ్డంగా 100 మీటర్లు జరిగేలోపు ఎన్ని మీటర్లు పైకి లేచామో అదే శాతం. 100 శాతం అంటే నిలువు గోడ కాదు, 45 డిగ్రీలు. 8 డిగ్రీలంటే 14 శాతం, 10 డిగ్రీలంటే 17.6, 20 డిగ్రీలంటే 36.4. కాబట్టి మీ ఫోనూ మీ యాపూ అనుకున్నంత దూరంలో లేవు. దూరంగా ఉన్నది 41 ఒక్కటే, అది తప్పని గల్లీ చూడకుండానే చెప్పొచ్చు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో బాల్డ్విన్ స్ట్రీట్‌కు ప్రపంచ రికార్డు ఇచ్చింది 34.8 శాతానికి. దాన్ని దాటే గల్లీ మన ఊళ్లో ఉంటే ఈ ప్రశ్న అడిగే అవసరం వచ్చేది కాదు.

41 ఎలా పుట్టిందంటే: ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాపులు ఎక్కువగా సుమారు 30 మీటర్ల గడులు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజుల్లో రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం అయినా, ఇస్రో భువన్‌లో దొరికే కార్టోడెమ్ అయినా, యూరప్ వాళ్ల కోపర్నికస్ అయినా ఒక్కో గడికి ఒక్కటే ఎత్తు రాసి ఉంటుంది. మన గుట్టలేమో చదును నేల మీద బోర్లించిన గంపల్లాంటివి. గల్లీ గుట్ట అంచు వెంబడి చదునుగానే పోతుంటుంది, కానీ దాని గడిలో సగం బండ పడుతుంది. పక్క గడి 270 మీటర్లు, ఈ గడి 282 అనుకోండి. 30 మీటర్లకు 12 మీటర్లు, అంటే 40 శాతం. అసలు రోడ్డు మీద గ్లాసులో నీళ్లు తొణకవు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. 40 మీటర్ల గల్లీ నిజంగానే 6 మీటర్లు ఎక్కితే 15 శాతం. ఊరు ఊరంతా మెచ్చుకోవాల్సిన చడావు. కానీ అందులో పడే గడులు ఒకటో రెండో. ఎస్ఆర్‌టీఎం కాగితం మీద ఇచ్చిన హామీయే 16 మీటర్ల లోపు తప్పు. ఆపైన రాడార్‌కు కనిపించేది ఇళ్ల కప్పులు, చెట్ల తలలు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ 1:50,000 స్కేల్‌లో కాంటూర్ల (ఒకే ఎత్తును కలిపే గీతల) మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది, మన గల్లీ రెండు గీతల నడుమ మాయం.

అయినా మ్యాపును పారేయకండి, జల్లెడగా వాడండి. క్యూజీఐఎస్‌లో (ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్) క్విక్‌ఓఎస్ఎం ప్లగిన్‌తో, జనమే గీసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు దించుకోండి. మ్యాపు ప్రొజెక్షన్‌గా మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తరం (ఈపీఎస్‌జీ 32644) పెట్టండి, లేకపోతే పొడవులు డిగ్రీల్లో వచ్చి లెక్కంతా చెడుతుంది. రోడ్ల మీద 30 మీటర్లకో చుక్క పెట్టించి, ప్రతి చుక్కకూ రాస్టర్ (ఆ ఎత్తుల గడుల మ్యాపు) నుంచి ఎత్తు తీసుకోండి. ఇక్కడే చాలామంది ఉత్సాహంగా 10 మీటర్లకో చుక్క పెడతారు. అప్పుడు ఒకే గడిలో మూడు చుక్కలు పడి సున్నా, సున్నా, ఆ తర్వాత ఒక్కసారి 12 మీటర్ల గంతు, 120 శాతం! వరసగా మూడు చుక్కలు, అంటే 60 మీటర్లు, ఒకే దిక్కుకు ఎక్కుతూ సగటు 6 శాతం దాటితే ఆ గల్లీని లిస్టులో ఉంచండి. గుట్ట చుట్టూ తిరిగే గల్లీలను తీసేసి, గుట్ట వైపు సూటిగా పోయేవి మిగుల్చుకోండి. తర్వాత పని కాళ్లది.

యాప్ సంగతి కూడా ఒక మాట. జీపీఎస్ ఎత్తు పది మీటర్లు అటూ ఇటూ ఊగడం మామూలే. బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచేది) ఉన్న ఫోన్ నయం, 1 హెక్టోపాస్కల్ ఒత్తిడి తేడాకు ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు లెక్క. గుట్ట మొత్తం ఎంత ఎక్కామో చెప్పడానికి అది బాగుంటుంది. పది మీటర్ల ముక్కకు గాలి విసురు ఒక్కటి తగిలినా అంకె పాడవుతుంది.

లెవల్‌పైపు

తమ్మీ, మ్యాపు ముచ్చట ఇనుడు మంచిదే, గానీ ఒకటో నంబర్ ఇచ్చేది లెవల్ పైపు.

సామాను: నీళ్లు కనబడే ప్లాస్టిక్ పైపు 15 మీటర్లు, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు. రెండు కట్టెలు, ఒక్కోటి రెండున్నర మీటర్లు, అంచు పొంటి టేపు అంటించాలె. సున్నా కింద ఉండాలె, మీద కాదు. ఇంకో పొడుగు టేపు, చాక్‌పీసు. ఇద్దరు మనుషులు కొలిచేటోళ్లు, ఒకరు బండ్లను ఆపేటోళ్లు.

నల్లా కింద పెట్టి నింపొద్దు, బుడగలు పడతయి. బకెట్ జర ఎత్తుల పెట్టి, ఒక మూతి అందుల ముంచి, రెండో మూతి కింద పట్టి నోటితోని గుంజితే నీళ్లు జారుకుంట వస్తయి. ముప్పావు లీటరు పడుతది. నిండినంక పైపును ఎండల చాపి మొత్తం చూడాలె. పెసరగింజంత బుడగ అయితే గోడకు అతుక్కుని ఉంటది, పెద్దగ ఏం కాదు. పైపు అడ్డంగ మొత్తం నింపే బుడగ ఉంటేనే నీళ్లు తెగుతయి, లెక్క తప్పుతది. రెండు మూతులు పక్కపక్కన పెట్టి చూడు, నీళ్లు ఒక్క గీత మీద నిలబడాలె. నిలబడకుంటె మళ్ల నింపు.

ఇగ కొలుసుడు. రోడ్డు నడుమ చాక్‌పీసుతోని గుర్తు పెట్టి, టేపు పరిచి 10 మీటర్ల కింద ఇంకో గుర్తు పెట్టాలె. రెండు గుర్తుల మీద రెండు కట్టెలు నిలబెట్టి, పైపు మూతులు వాటికి ఆనించాలె. నీళ్లు ఊగుడు ఆగేదాక నిమిషం ఆగు. మీది కట్టె మీద నీళ్లు 42 సెంటీమీటర్ల కాడ, కింది కట్టె మీద 186 కాడ ఉన్నయనుకో. తేడా 144. పది మీటర్లకు 1.44 మీటర్లు లేచింది.

ఈ టేపు రోడ్డు మీద ఏటవాలుగ పరిచినది, అడ్డంగ కాదు. కాబట్టి అడ్డం దూరం పదికి పది రాదు, 9.90 వస్తది (పది వర్గంల నుంచి 1.44 వర్గం తీసేసి వర్గమూలం). 1.44ను 9.90తోని భాగిస్తే 14.5 శాతం. ఈ చడావుకు తేడా చిన్నదే. అదే 3 మీటర్లు లేచే గల్లీ అయితే 30 కాదు, 31.4 శాతం.

తప్పులు ఏడైతయంటే, మొదటిది బొటనవేలు. నడిచేటప్పుడు రెండు మూతులు మూసుకోవాలె, లేకుంటె కిందోని చొక్కా తడుస్తది. చదివేటప్పుడు రెండు తియ్యాలె. ఒక్కడు మరిచిపోయి మూసి పట్టుకుంటె నీళ్లు నిలబడ్డట్టే కనబడతయి, అంకె ఉత్తదే. రెండోది, చడావు 20 శాతం దాటితే పది మీటర్లకు రెండు మీటర్ల తేడా వస్తది, కింది కట్టె సాలదు. అప్పుడు 5 మీటర్ల ముక్కలు రెండు కొలిచి కూడాలె. మూడోది ఎండ. సగం పైపు నీడకు, సగం ఎండకు ఉంటే ఎండకున్న నీళ్లు ఉబ్బుతయి. 30 డిగ్రీల నీళ్లు 40 అయితే నిలువు మీటరుకు మూడున్నర మిల్లీమీటర్ల తేడా. పది మీటర్ల చడావుకు ఇది లెక్కల రాదు గానీ, రెండు గల్లీలు పోటాపోటీగ ఉంటే తెల్లారంగనే కొలువుర్రి. బండ్లు గూడ తక్కువ ఉంటయి.

పైపు లేకుంటె రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ, రసమట్టం. పట్టీ మీది కొన రోడ్డుకు ఆనించి, కింది కొన లేపుకుంట బుడగ నడుమకు తేవాలె. కింది కొన నుంచి రోడ్డుకు ఎంత ఉన్నదో కొలువు. అట్ల ఐదు సార్లు కిందికి దిగితే పది మీటర్లు. 24, 27, 31, 33, 29 వచ్చినయనుకో, కూడితే 144 సెంటీమీటర్లు. పట్టీ అడ్డంగనే ఉంది కాబట్టి ఈడ వర్గమూలం పని లేదు, నేరుగ 14.4 శాతం. రసమట్టాన్ని ఒకసారి తలకిందులు కాదు, కుడిది ఎడమకు తిప్పి పెట్టి చూడాలె. బుడగ వేరే జాగకు పోతే రసమట్టమే తప్పు.

ఫోన్‌తోనే_చాలు

ఫోన్‌ను మరీ తీసిపారేయకండి, నేరుగా రోడ్డు మీద పెట్టడమే తప్పు. కంకర గింజ ఒకటి కింద పడినా, వెనక కెమెరా ఉబ్బు తగిలినా ఒక డిగ్రీ ఎగిరిపోతుంది. పైన చెప్పిన రెండు మీటర్ల పట్టీని రోడ్డు మీద ఏటవాలుగా పరిచి, దాని మీద ఫోన్ అంచును నిలబెట్టి చదవండి. ఆ తర్వాత ఫోన్‌ను అటుది ఇటు తిప్పి మళ్లీ చదివి, రెండింటి సగటు తీసుకోండి. సెన్సర్‌లో ఉన్న తప్పు అందులో కొట్టుకుపోతుంది. పూర్తి డిగ్రీలే చూపించే యాప్ అయితే తీసేయండి, దశాంశం చూపించేది పెట్టుకోండి. 8 డిగ్రీలంటే 14.1 శాతం, 9 అంటే 15.8. ఆ నడుమ ఉన్న గల్లీలన్నీ అలాంటి యాప్‌కు ఒక్కటే.

సైకిల్_హన్మకొండ

మస్తు చెప్పిన్రు. రెండు డౌట్లు మిగిలినయి. మీది ఉదాహరణల ఒక రెండు మీటర్ల ముక్క 33 సెంటీమీటర్లు, అంటే 16.5 శాతం. మరి ఆ గల్లీకి 14.4 రాయాలెనా, 16.5 రాయాలెనా? ఇంకోటి, మూల మలుపుల లోపలి అంచు పొంటి పోతే సైకిల్ ఆగిపోయేంత చడావు ఉంటది, బయటి అంచుకు ఏం ఉండదు. ఏది లెక్క?

గ్రేడియంట్

పొడవు చెప్పని శాతానికి విలువ లేదు. ప్రతి అంకె పక్కన "ఎన్ని మీటర్ల మీద" అని రాయండి. రెండు మీటర్ల మీద పోటీ పెడితే గెలిచేది వీధి కాదు, ఎవరో ఇంటి ముందు పోయించుకున్న ర్యాంపు. 100 మీటర్ల మీద పెడితే మన గుట్టల కింది పొట్టి గల్లీలన్నీ ఓడిపోతాయి. ప్రపంచ రికార్డుకు చూసేదీ 10 మీటర్ల ముక్కే, మీరూ అదే పెట్టుకోండి. ఆ 10 మీటర్లను గల్లీలో ఎక్కడ మొదలుపెట్టాలన్నది ముందే తెలియదు. కాబట్టి రెండు మీటర్ల చొప్పున గల్లీ పొడుగునా కొలుచుకుంటూ పోయి, వరసగా వచ్చే ఏ ఐదు ముక్కల మొత్తం ఎక్కువో చూడండి. పక్కన మొత్తం గల్లీ సగటు కూడా రాస్తే సైకిల్ తొక్కేవాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మలుపు విషయంలో ఒక పెద్ద తగాదా నడిచింది. 2019లో వేల్స్‌లోని హార్లెక్ ఊరి వీధి ఒకటి 37.45 శాతమని రికార్డు పట్టుకుపోయింది. ఆ వీధి వంకర, కొలత మలుపు లోపలి అంచున తీశారు. డునెడిన్ వాళ్లు ఒప్పుకోలేదు. నడి గీత వెంబడి కొలిస్తే అది 28.6 శాతమే తేలింది, 2020లో రికార్డు మళ్లీ బాల్డ్విన్ స్ట్రీట్‌కు వచ్చింది. లెక్క తేలికే. మలుపు వ్యాసార్థం రోడ్డు నడుమ 10 మీటర్లు, రోడ్డు వెడల్పు 4 మీటర్లు అనుకోండి. లోపలి అంచుకు వ్యాసార్థం 8. ఎక్కే ఎత్తు ఒకటే, దూరం మాత్రం ఐదో వంతు తగ్గింది. నడుమ 12 శాతం ఉన్నది లోపల 15 అవుతుంది, బయటి అంచున 10కి దిగుతుంది. మీ సైకిల్ ఆగిపోయింది ఆ 15 కాడ. లిస్టులో మాత్రం 12 రాయండి.

కొలబద్దగా ఉంచుకోవడానికి: రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మైదాన ప్రాంతంలో మామూలుగా 30కి 1 (3.3 శాతం), తప్పనిసరైతే 15కు 1 (6.7 శాతం) దాకా ఒప్పుకుంటుంది. బాగా నిటారు కొండల్లో కూడా తప్పనిసరి హద్దు 8 శాతం. అందుకే "కొండగట్టు ఘాట్ ఇంకా ఎక్కువ", "నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కువ" అనేవాళ్ల మాట పట్టించుకోకండి. ఘాట్ రోడ్డు మలుపులు తిప్పేదే వాలు తగ్గించడానికి. ఏ హద్దూ పట్టించుకోకుండా, ప్లాట్లు గీసినాయన గీతకు సూటిగా గుట్ట మీదికి ఎక్కించిన కాలనీ గల్లీయే గెలుస్తుంది.

పరుపుబండ

ఏడ ఎతకాలె అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలె.

మనది కొండల ఊరు కాదు, గుట్టల ఊరు. ఓరుగల్లు పేరుల్నే ఒంటి రాయి ఉన్నది. గ్రానైటు గుట్ట చదును మీద ఒక్కసారి లేస్తది. దాని మొదట్ల చుట్టూ మొరం పరుచుకుని ఉంటది, అది నిదానమైన వాలు. ఇండ్లు ఆ మొరం మీదనే కట్టుకున్నరు. మొరం అయిపోయి పరుపుబండ తేలే కాడ చడావు ఒక్కసారి పెరుగుతది, ఆ మీదికి ఇల్లూ లేదు రోడ్డూ లేదు. కాబట్టి మీకు కావల్సిన 10 మీటర్లు ఎప్పుడూ గల్లీ చివరనే ఉంటయి, ఆఖరి రెండు మూడిండ్ల కాడ. మెయిన్ రోడ్డు నుంచి చూసి "ఇది చదునే" అని మర్లిపోతే అది దొరకదు.

హన్మకొండల పద్మాక్షి గుట్ట, సిద్ధేశ్వర గుట్ట, అగ్గలయ్య గుట్ట చుట్టుపక్కల, వరంగల్ దిక్కు గోవిందరాజుల గుట్ట, ఉర్సు గుట్ట మొదట్ల, మడికొండ మెట్టుగుట్ట కింద చూడుర్రి. పేరుల గుట్ట ఉన్నదని ఆశపడొద్దు, గల్లీ గుట్టను సూటిగ ఎక్కుతున్నదా, చుట్టు తిరుగుతున్నదా అన్నదే లెక్క. గుడులు, పాత శిల్పాలు ఉన్నకాడ బండ మీద చాక్‌పీసు గీత గూడ గియ్యకుర్రి.

పైపు తియ్యకముందు కండ్లతోనే వడపోసే ఉపాయాలు ఉన్నయి. అన్నిట్ల మంచిది గడప మెట్లు. గల్లీ పొంటి ముప్పై ఫీట్ల ముఖం ఉన్న ఇల్లు చూడు. ఇంటి నేల ఒక్కటే మట్టం, రోడ్డే ఎక్కుతది. మీది మూలకు ఒక్క మెట్టు ఉండి, కింది మూలకు ఆరు మెట్లు ఉంటే తేడా ఐదు మెట్లు. మెట్టుకు ఆరు ఇంచులు, అంటే ఐదిటికి రెండున్నర ఫీట్లు. ముప్పైకి రెండున్నర, 8.3 శాతం. తొమ్మిది పది మెట్ల తేడా ఉన్న ఇల్లు కనబడితే ఆడ ఆగి పైపు తియ్యుర్రి.

ప్లాస్టరు లేని కంపౌండు గోడ ఉంటే ఇంకా సులువు. ఇటుక వరస అడ్డంగ ఉంటది, అది మేస్త్రి వేసిన రసమట్టం. గోడకు ఎదురుగ నిలబడి ఫోటో తీసి, వరస గీతకు రోడ్డు గీతకు నడుమ కోణం కొలిస్తే సాలు. ఫోన్ వంకరగ పట్టినా కోణం మారదు. గోడకు పక్కనుంచి తీస్తే మాత్రం మారుతది. గుర్తుంచుకోవాల్సిందేందంటే, కొన్ని గోడలకు ఇటుక వరసనే రోడ్డుతోపాటు ఏటవాలుగ కడతరు. గేటు దిమ్మె నిలువుగ ఉన్నదా, వరస దానికి సరిగ్గ అడ్డంగ ఉన్నదా చూసుకోవాలె.

నిలబెట్టిన బండ్ల టైర్ల కింద రాళ్లు, మోరీల మెట్లు మెట్లుగ దిగే నీళ్లు, సీసీ రోడ్డు మీద అడ్డంగ గీసిన గాట్లు, ఇవి గూడ చూడు. ఈ గాట్లు టైరు జారకుండ, కాంక్రీటు పచ్చిగ ఉన్నప్పుడే గీస్తరు.

లెవల్‌పైపు

పరుపుబండ అన్న చెప్పింది కరెక్టు, సీసీ రోడ్డు మీద ఇంకో మాట. ఏటవాలుకు కాంక్రీటు పల్చగ కలిపితే పోసినంక కిందికి జారుతది. మీద పల్చవడి కింద బొజ్జ వస్తది. గట్టిగ కలిపి, కింది నుంచి మీదికి పోసుకుంట పోవాలె. అట్ల పొయ్యని గల్లీల అలలు అలలుగ ఉంటది, రెండు మీటర్ల పట్టీ ఏడ పెడితే ఆడ వేరే అంకె వస్తది. గసొంటి కాడ పట్టీని నమ్మొద్దు, పది మీటర్ల పైపే సరి.

బాల్డ్విన్ స్ట్రీట్ మీది నిటారు భాగం గూడ కాంక్రీటే, ఎందుకంటె తారు అయితే ఎండకు మెత్తబడి కిందికి జారుతది. మన ఎండలకు వేరే చెప్పాలెనా.

స్పీడ్ బ్రేకర్ మీద, మోరీ మూత మీద, రోడ్డులకు పొడుచుకొచ్చిన ఇంటి ర్యాంపు మీద కట్టె నిలబెట్టొద్దు. పది మీటర్లకు 10 సెంటీమీటర్లు తప్పితే ఒక శాతం పోయినట్టే. ఒకటో నంబర్, రెండో నంబర్ నడుమ తేడా బహుశా అంతకంటే తక్కువనే ఉంటది. అందుకే మొదటి మూడు గల్లీలను రెండుసార్లు కొలువుర్రి, రెండోసారి మనుషులు జాగలు మార్చుకుని. రెండు కొలతల నడుమ 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే పైపు మళ్ల నింపాలె.

పటాలపిచ్చి

కొలిచాక లెక్కలు వాట్సాప్‌లో పడేసి ఊరుకోకండి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించండి. రోడ్డుకు "ఇన్‌క్లైన్" అనే ట్యాగ్ ఉంది, అందులో శాతం రాస్తారు. గీత గీసిన దిక్కున ఎక్కుతుంటే అంకె మామూలుగా, దిగుతుంటే ముందు మైనస్. ఎడిటర్‌లో బాణం గుర్తు చూసి రాయండి, చాలామంది ఇక్కడే తిరగేస్తారు. ఇంకో సంగతి, గల్లీ మొత్తానికి ఒకే ట్యాగ్ పెట్టొద్దు. పరుపుబండ గారు చెప్పినట్టు చడావంతా చివరనే ఉంటుంది కాబట్టి, వాలు మారే చోట గీతను రెండుగా విడగొట్టి, నిటారు ముక్కకు మాత్రమే ఆ అంకె ఇవ్వండి. లేకపోతే మొదట్లో చదునుగా ఉన్న వంద మీటర్లు కూడా 14 శాతం అయిపోతాయి.